చంటిపాప గదిలో రూమ్ హీటర్, ప్లగ్గు దగ్గర కాలిన వాసన: ఈ రాత్రికి పెట్టొచ్చా వద్దా?

ఆదిలాబాద్ అన్న:

అన్నలూ అక్కలూ, కొంచెం జల్దీ చెప్పుండ్రి, రాత్రి అయ్యేలోపల తెలియాలె. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. ఇక్కడి చలి సంగతి తెలిసినోళ్ళకు చెప్పనక్కర్లేదు, డిసెంబర్ జనవరిల రాత్రిపూట పది డిగ్రీల లోపటికి పోతది. మా చెల్లె కాన్పుకు వచ్చింది, పాప పుట్టి ఇవ్వాళ్టికి 22 రోజులు, పుట్టినప్పుడు 2 కిలోల 600 గ్రాములు ఉండె. బాలింత గదికి గాలి రావద్దని కిటికీలకు పాలిథీన్ కవర్ అంటించినం, తలుపు కింద గోనెసంచి పెట్టినం, పైన కిందటేడే సీలింగ్ కొట్టించినం.

నాలుగు రోజుల కింద హీటర్ తెచ్చిన. ఫ్యాన్ ఉన్నది, వేడిగాలి కొడుతది, రెండు స్విచ్చులు ఉన్నయి, ఒకటి 1000 వాట్లకు ఒకటి 2000కు. దాని ప్లగ్గేమో లావు మూడు పిన్నులది, గదిల బోర్డుకేమో చిన్న సాకెట్టే ఉన్నది, అందుకని బజార్ల కన్వర్టర్ ఒకటి కొనుక్కొచ్చి పెట్టిన, అది మంచం దాకా రాకపోతే మధ్యల ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా పెట్టిన. మూడు రోజులు మంచిగనే నడిచింది. నిన్న రాత్రి రెండింటికి అమ్మ లేపి ఏదో వాసన వస్తుందిరా అన్నది, చేప కాలినట్టు వాసన. పోయి చూస్తే కన్వర్టర్ మీద ఒక రంధ్రం చుట్టూ గోధుమ రంగు తిరిగింది అర్ధచంద్రం లెక్క, పిన్ను తీసి చూస్తే ఒక పక్క నల్లగ అయింది, వైరు ముట్టుకుంటే వెచ్చగ ఉన్నది. ఫ్యూజ్ మాత్రం పోలేదు. ఫ్యూజ్ పోలేదంటే లోడు సరిపోతున్నట్టే కదా అని ఒక దోస్తు అంటున్నడు.

మా నాయనమ్మ ఏమంటదంటే ఈ కరెంటు పెట్టెలు వద్దు, మీ నాయన పుట్టినప్పుడు నులకమంచం కింద కుంపటి పెట్టినం, పిల్లగాడు ఎర్రగ బుర్రగ పెరగలేదా అని. పొద్దుగాల నుంచి బొగ్గులు కూడా తెప్పించి పెట్టుకున్నది. కుంపటికి ఇట్లాంటి వాసన రాదు కదా అని నాకు కూడా ఒక రకంగ అదే నయమనిపిస్తున్నది. ఏం చేయాల్నో చెప్పుండ్రి.

నర్సీపట్నం వైరింగ్:

బ్రదర్, ముందు ఒక్క మాట. ఈ రాత్రికి ఆ కన్వర్టర్‌లో గానీ ఆ బాక్స్‌లో గానీ హీటర్ పెట్టకండి. తుడిచి, పిన్నులు గీకి మళ్ళీ పెట్టడం కూడా వద్దు, ఒకసారి కాలిన సాకెట్టు మళ్ళీ మంచిది అవ్వదు.

మీ ఫ్రెండ్ చెప్పింది తప్పండి, చాలామంది అలాగే అనుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మన ఇళ్ళల్లో కరెంటు 230 వోల్టులు, 2000 వాట్ల హీటర్ 8.7 ఆంప్స్ దాకా లాగుతుంది. మీ చిన్న సాకెట్టు 6 ఆంప్స్‌ది, ఫోను ఛార్జరూ టేబుల్ ఫ్యానూ టీవీ వీటికి చేసింది. లావు పిన్ను 16 ఆంప్స్ సాకెట్టుకి, దాన్నే మనం పవర్ ప్లగ్ అంటాం. కంపెనీ వాడు పిన్ను లావుగా ఇచ్చిందే చిన్న దాంట్లో దూరకూడదని, ఆ కన్వర్టర్ చేసిన పనేంటంటే ఆ అడ్డు తీసేసింది.

ఇప్పుడు ఫ్యూజ్ సంగతి. ఫ్యూజ్‌కి తెలిసేది వైరులో ఎంత కరెంటు పోతుందో అంతే, ప్లగ్గు దగ్గర ఎంత వేడెక్కిందో దానికి తెలీదు. సాకెట్టు లోపల ఇత్తడి రేకు ఉంటుంది, పిన్నుని రెండు పక్కలా బిగించి పట్టుకోవాలి. అది లూజయితే అక్కడ చిన్న అడ్డంకి వస్తుంది, లెక్కకి అర ఓమ్ అనుకోండి, 8.7 ఆంప్స్ దాని గుండా పోతే ఆ ఒక్క చోటే 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు వాళ్ళు సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. అంటే మీ ప్లాస్టిక్ కన్వర్టర్ లోపల రాత్రంతా ఒక సోల్డరింగ్ ఐరన్ ఆన్‌లో పెట్టి పడుకున్నట్టు, వేడెక్కే కొద్దీ రేకు ఇంకా సాగుతుంది, సాగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, ఇదంతా జరుగుతున్నా మొత్తం కరెంటు 8.7 దాటదు కాబట్టి ఫ్యూజ్ అయినా ఎంసీబీ (ఫ్యూజ్ బదులు పెట్టే, లోడు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చు) అయినా కదలవు. ఆ చేప వాసన స్విచ్చుల ప్లాస్టిక్ ఉడికినప్పుడు వచ్చేదే, ఆ వాసన వస్తే ఏ టైమైనా సరే మెయిన్ ఆపి చూడాల్సిందే. మీ అమ్మగారు లేచారు కాబట్టి సరిపోయింది.

ఇంకోటి, మీ ఇంట్లో ఉన్నది ఎంసీబీయా, పింగాణీ ఫ్యూజ్ క్యారియరా? పాత ఇళ్ళల్లో ఫ్యూజ్ మాటిమాటికీ పోతుందని లావు రాగి తీగ చుట్టేస్తారు, అలాంటిదైతే వైరు కాలిపోతున్నా ఫ్యూజ్ పోదు. ఇది మాత్రం తప్పకుండా చూడండి.

నేను లంబసింగి పైన లాడ్జీలకి వైరింగ్ చేస్తుంటాను, సీజన్‌లో ప్రతి రూముకీ హీటర్ అడుగుతారు. రెండేళ్ళ కిందట ఒక చోటికి పిలిస్తే వెళ్ళాను, ఎక్స్‌టెన్షన్ వైరు పొడుగ్గా ఉందని చుట్టచుట్టి పరుపు కింద తోసేశారు, పైన హీటర్ ఫుల్లు మీద నడుస్తోంది. పరుపెత్తితే చుట్ట లోపలి వరసలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దయిపోయాయి, పరుపు అడుగున చపాతీ కాలినట్టు మచ్చ. చుట్టిన వైరుకి వేడి బయటికి పోయే దారి ఉండదండి, పైన పరుపు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. వైరు మీద చాప వెయ్యడం, తలుపు సందులోంచి లాగడం, మంచం కోడు కింద పెట్టడం ఇవన్నీ కూడా అంతే.

శాశ్వతంగా కావాలంటే మెయిన్ బోర్డు నుంచి ఆ గదికి విడిగా లైను లాగించండి, వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల కంటే తక్కువ వద్దు, దూరం ఎక్కువుంటే 4 వేయించండి, గోడకి 16 ఆంప్స్ సాకెట్టు, దానికో ఎంసీబీ, ఎర్త్ సరిగ్గా ఉందో లేదో చెక్ చేయించి మరీ. ఈలోపల ఇంట్లో ఇంకెక్కడైనా గోడకి గట్టిగా పట్టే పవర్ ప్లగ్ ఉంటే, అంటే వంటింట్లో గ్రైండర్‌దో బాత్రూమ్ గీజర్‌దో, దాని పక్క గదికి బాలింతని మార్చగలరేమో చూడండి. హీటర్ తిన్నగా గోడ ప్లగ్గులోనే పెట్టాలి, 1000 స్విచ్చు మీదే నడపండి, అప్పుడు 4.3 ఆంప్స్ అవుతుంది. ఇరవై నిమిషాలయ్యాక హీటర్ ఆపి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత ఉంటే ఆ ప్లగ్గూ వద్దు.

ఉట్నూరు సిస్టర్:

అన్నా, నేను నర్సుని, కాన్పుల వార్డుల చేస్త. ఎలక్ట్రిషియన్ అన్న కరెంటు సంగతి చెప్పిండు కాబట్టి నేను కుంపటి సంగతి చెప్త, దయచేసి ఇది మీ నాయనమ్మకు చదివి వినిపించు.

నాయనమ్మ అబద్ధం చెప్తలేదు. అప్పుడు కుంపటి పెట్టినరు, పిల్లలు బతికినరు. కానీ అప్పటి గది వేరు, పెంకుల సందుల నుంచి ఆకాశం కనపడేది, తలుపు సరిగ్గ మూసుకునేది కాదు, లేసిన గాలి లేసినట్టే బయటికి పోయేది. ఇప్పుడు మీరు కిటికీలకు పాలిథీన్ అంటించినరు, తలుపు కింద గోనె పెట్టినరు, పైన సీలింగ్ ఉన్నది. ఆ గదిల కుంపటి పెడితే ఆ గాలి ఎటు పోవాలె?

బొగ్గులు కణకణ మండుతుంటే పొగ కనపడదు, అందుకే మంచిగ ఉన్నదనుకుంటం. అప్పుడే కార్బన్ మోనాక్సైడ్ వస్తది. దానికి వాసన లేదు రంగు లేదు కండ్లు మండవు. మన రక్తంల ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైనే గట్టిగ పట్టుకుంటది. మొదలు తలనొప్పి, కడుపుల తిప్పుడు, మత్తు. బాలింతకు ఎట్లాగూ నిద్ర చాలదు, మత్తొస్తే నిద్ర అనుకుంటది. లేసి తలుపు తీసే శక్తి కూడా ఉండదు తర్వాత. చంటిపిల్లలు మనకంటే తొందర తొందరగ ఊపిరి తీస్తరు కాబట్టి వాళ్ళకు ముందు ఎక్కుతది. మా దగ్గరికి ఒక చలికాలం అత్తా కోడలు ఇద్దర్నీ ఆటోల ఏసుకొచ్చినరు, రాత్రి ఏదో తినింది పడలేదు అన్నరు, ఇద్దరికీ ఒకే తీరు తలనొప్పి వాంతులు, అడగంగ అడగంగ గదిల కుంపటి పెట్టి పడుకున్నం అని చెప్పినరు. ఆ ఇంట్ల పెద్దాయన పొద్దుగాల పాలకు లేసి తలుపు తీసిండు కాబట్టి దక్కినరు. వాసన రాదు కాబట్టి కుంపటే నయమనిపిస్తుంది అన్నవ్ కదా, నాకు ఆ మాట చదివి గుండె ఝల్లుమన్నది అన్నా. సాంబ్రాణి పొగ ఏసుకోవాలంటే కుంపటి అరుగు మీద పెట్టి తల ఆరబెట్టుకొని లోపటికి రావాలె, నిప్పులు గదిలకు రావద్దు.

పాపకు వెచ్చదనం కావాలంటే మొదలు హీటర్ కాదు, తల్లి ఒళ్ళు. పాపకు గుడ్డలు తీసి నెత్తికి టోపీ పెట్టి తల్లి రొమ్ముల మధ్యల చర్మానికి చర్మం తగిలేటట్టు పండబెట్టుకొని పైన దుప్పటి కప్పుకోవాలె, మేము బరువు తక్కువ పిల్లలకు వార్డుల ఇదే చేయిస్తం, కంగారూ పద్ధతి అంటం. తల్లికి నిద్ర వస్తుంటే మాత్రం అమ్మనో నాయనమ్మనో మేలుకొని ఉండాలె, లేకుంటే పాపను పక్కల దాని జాగల పండబెట్టాలె. పాప చలిగ ఉన్నదా లేదా చూసేందుకు చెయ్యి వెనక భాగంతోటి పొట్ట ముట్టుకో, తర్వాత పాదాలు ముట్టుకో. రెండూ వెచ్చగ గులాబీ రంగుల ఉంటే మంచిగున్నట్టు. పొట్ట వెచ్చగుండి పాదాలు చల్లగుంటే చలి పెడుతున్నట్టు, ఇంకా వెచ్చగ చేయాలె. పొట్ట కూడా చల్లగుండి పాలు తాగుడు తగ్గితే హీటర్ మాట మరిచిపోయి దవాఖానకు తీసుకపోవాలె. అట్లనే మెడ వెనక చెమట పట్టి మొహం ఎర్రగైతే ఎక్కువ వేడైనట్టు, అది కూడా మంచిది కాదు, ఒక పొర తీసెయ్యాలె. మొహం మీద దుప్పటి పడకుండ చూసుకో.

హీటర్ పెట్టినా మంచానికి ఉయ్యాలకు మూడడుగుల లోపల పెట్టొద్దు, గాలి తిన్నగ పాప మీదికి కొట్టొద్దు. దోమతెర ఉన్నదా? నైలాన్‌దైతే క్షణంల అంటుకుంటది, దాని కొస హీటర్ దిక్కు ఎగరకుండ పరుపు కింద చెక్కు.

ఎడిసన్ నుంచి:

న్యూజెర్సీలో ఉంటాను, ఇక్కడ పోర్టబుల్ హీటర్ గురించి మాట్లాడితే అందరికీ ముందు గుర్తొచ్చేది 2022 జనవరి 9, పక్కనే న్యూయార్క్ బ్రాంక్స్‌లో 19 అంతస్తుల అపార్ట్‌మెంట్. ఒక ఫ్లాట్‌లో ఎలక్ట్రిక్ హీటర్ రోజుల తరబడి ఆపకుండా నడుస్తూ ఉంది, దాన్నుంచే అంటుకుంది. మంట పెద్దగా పాకలేదు, ఆ ఫ్లాటూ బయట హాలూ అంతే, కానీ వాళ్ళు బయటికి పరిగెత్తినప్పుడు తలుపు వెనక మూసుకోలేదు, తనంతట తాను మూసుకోవాల్సిన తలుపు అది. పొగ మెట్ల దారిలోకి పోయి పైకి పాకింది, 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. అందరూ పొగ వల్లే. నేను అప్పుడు కొత్తగా వచ్చి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను, నా గదిలో కూడా హీటర్ ఉంది, ఆ వార్త చూసిన రోజు నుంచి పడుకునే ముందు ప్లగ్గు పీకి పక్కన పెట్టడం అలవాటైంది.

ఇక్కడికి చదువుకి వచ్చే పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఇక్కడ కరెంటు 120 వోల్టులు కాబట్టి 1500 వాట్ల హీటర్‌కే 12.5 ఆంప్స్ అవుతుంది, ఒక గది లైనంతా కలిపి 15 ఆంప్సే ఉంటుంది మామూలుగా, అందుకే హీటర్ ఆన్‌లో ఉండగా మైక్రోవేవ్ పెడితే ట్రిప్ అవుతుంది, ట్రిప్ అయిందని మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా హీటర్ ఆపండి.

ఆదిలాబాద్ అన్న గారూ, పొగ వస్తే మోగే అలారం బ్యాటరీతో నడిచేది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒకటి తెప్పించి గది పైన పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కి విడిగా ఇంకో అలారం ఉంటుంది, ఆర్డర్ చేసేటప్పుడు ఏది ఏదో చూసుకోండి.

హన్మకొండ 77:

ఇంత భయపెట్టుడు అవసరమా? మేము ఆరేడేండ్ల నుంచి రాడ్ల హీటర్ ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లనే పెడుతున్నం, ఇప్పటిదాకా ఏం కాలేదు.

నర్సీపట్నం వైరింగ్:

హన్మకొండ గారూ, మీది రెండు రాడ్లదైతే సాధారణంగా 800 వాట్లు ఉంటుంది, వెనక స్టిక్కర్ మీద చూడండి. 800 అంటే 3.5 ఆంప్స్, అందుకే మీ బాక్స్ తట్టుకుంటోంది. ఇతనిది 2000. కరెంటు రెండున్నర రెట్లయితే లూజు కాంటాక్టు దగ్గర వేడి రెండున్నర రెట్లు కాదండి, ఆరు రెట్లు అవుతుంది. మీకు ఏం కాలేదని ఇతను కూడా పెడితే కష్టం, అందుకే చెప్తున్నాను. రాడ్ల దానికి వేరే జాగ్రత్త ఉంది, ఎర్రగా మండే రాడ్డు కాబట్టి దుప్పటి కొంగు ఎగిరి జాలీ మీద పడితే చాలు. తన్నుకుని పడిపోతే దానంతట ఆగిపోయే స్విచ్చు అడుగున ఉందో లేదో చూడండి, హీటర్ ఆన్ చేసి కొంచెం వంచితే ఆగాలి. లేకపోతే పిల్లలున్న ఇంట్లో దాన్ని వాడొద్దు.

ఆదిలాబాద్ అన్న:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి హీటర్ పెట్టలేదు, కుంపటి కూడా పెట్టనియ్యలేదు, సిస్టర్ రాసింది మొత్తం నాయనమ్మకు చదివి వినిపించిన, నడుమల ఒక్క మాట మాట్లాడలేదు, చివరికి మా అత్తగారి చెల్లెలు ఒకామె బాలింత గదిలనే నిద్రల పోయిందిరా, గాలి సోకింది అన్నరు అప్పుడు, అన్నది. అంతే, తర్వాత ఆమెనే బొగ్గులు తీసి బయట పెట్టింది.

ఇంకో మూడు డౌట్లు. హీటర్ గదిల ఆక్సిజన్ తాగేస్తది, పక్కన నీళ్ళ గిన్నె పెట్టాలె అంటున్నరు నిజమేనా? ఆయిల్ హీటర్ కొంటే మంచిదా, దాంట్ల ఆయిల్ పోయాల్నా? పాప గుడ్డలు ఈ చలికి ఆరుత లేవు, ఆయిల్ హీటర్ మీద ఆరేసుకోవచ్చు అని షాపాయన అన్నడు.

నర్సీపట్నం వైరింగ్:

కరెంటు హీటర్‌లో ఏదీ మండదు, తీగ వేడెక్కుతుంది అంతే, కాబట్టి అది ఆక్సిజన్ తినదు. ఆక్సిజన్ తినేది బొగ్గు, గ్యాసు, కిరోసిన్. గాలి వేడెక్కితే పొడిబారినట్టు అవుతుంది, ముక్కు బిగుస్తుంది, పెదాలు పగుల్తాయి, అందుకని నీళ్ళ గిన్నె పెట్టమంటారు. పెట్టుకోండి, కానీ గదికి ఆ చివర. హీటర్ పక్కన నీళ్ళు వద్దు, వైరు దగ్గర అసలు వద్దు.

ఆయిల్ హీటర్‌లో నూనె లోపల సీలు చేసి ఉంటుంది, మనం పోసేదీ మార్చేదీ ఏమీ లేదు. చప్పుడు ఉండదు, ఎర్రటి రాడ్డు ఉండదు, వేడెక్కడానికి అరగంట పైనే పడుతుంది, ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది, చంటిపిల్లల గదికి నాకైతే అదే ఇష్టం. కానీ అది కూడా 2000 వాట్లుంటే అదే 8.7 ఆంప్స్, అదే పవర్ ప్లగ్ కావాలి. రెండు వేల వాట్లు గంట నడిస్తే రెండు యూనిట్లు, అది ఏ రకం హీటరైనా ఒకటే. ఐఎస్ఐ మార్కు చూసి తీసుకోండి. గుడ్డలు మాత్రం దాని మీద ఆరెయ్యకండి, షాపాయన చెప్పింది తప్పు. గుడ్డ కప్పితే వేడి బయటికి పోలేక లోపలే పెరుగుతుంది, రాత్రి ఎవరూ చూడని టైములో అదే ముప్పు. దూరంగా దండెం కట్టి ఆరేసుకోండి.

ఒకటి మర్చిపోయాను. రాత్రి కరెంటు పోతే వెంటనే హీటర్ స్విచ్చు ఆపెయ్యండి. చీకట్లో దుప్పటో చీరో దాని మీద పడుతుంది, అందరూ పడుకున్నాక మూడింటికి కరెంటు వస్తుంది. ఇన్వర్టర్ మీద కూడా పెట్టొద్దు.

ఆదిలాబాద్ అన్న:

మూడు రోజులైంది, చెప్దామని వచ్చిన. మా ఊరి ఎలక్ట్రిషియన్ అన్న వచ్చి బోర్డు విప్పిండు. లోపల వైరు 1 చదరపు మిల్లీమీటర్‌దే ఉన్నది, దానితోటే లైటు ఫ్యాను ఈ సాకెట్టు అన్నీ. ఎర్త్ వైరు తగిలియ్యనే లేదు, కోసి చుట్టి లోపల పడేసి ఉన్నది, ఇన్నేండ్ల నుంచి అట్లనే ఉందన్నమాట. ఫ్యూజ్ క్యారియర్ తీస్తే నువ్వు అన్నట్టే లావు రాగి తీగ. ఇప్పుడు మీటర్ బోర్డు నుంచి 2.5 వైరు కొత్తగ లాగి 16 ఆంప్స్ సాకెట్టు పెట్టిండు, ఎంసీబీ పెట్టిండు, ఎర్త్ కలిపి టెస్ట్ లాంప్ పెట్టి చూపించిండు కూడా.

రాత్రి ఎనిమిదిన్నరకు 2000 మీద పెట్టి గది వెచ్చగైనంక 1000కు తగ్గించి పదిన్నరకు ఆపి ప్లగ్గు పీకేస్తున్నం. మంచానికి నాలుగడుగుల దూరం పెట్టిన, తలుపు దిక్కు కాదు, బయటికి పోయే దారి ఖాళీగ ఉండేటట్టు. కిటికీకి ఒక పక్క పాలిథీన్ కొంచెం తీసినం. నిన్న రాత్రి మూడింటికి చెల్లె పాలిచ్చేటప్పుడు అమ్మ పాప పొట్ట పాదాలు రెండూ ముట్టుకొని చూసింది, వెచ్చగనే ఉన్నయన్నది. నాయనమ్మ ఇప్పుడు కుంపటి అరుగు మీద పెట్టి చెల్లె తలకు అక్కడనే పొగ ఏస్తున్నది.

ఆ కాలిన కన్వర్టర్ పారేయలేదు, సంచిల ఏసుకొని తిరుగుతున్న. మా గల్లీలనే ఇంకో రెండిండ్లల్ల ఇట్లాంటిదే పెట్టుకున్నరని తెలిసింది, ఒకరింటికి పొద్దుగాల పోయి చూపించిన, వాళ్ళ పిన్ను తీసి చూస్తే అది కూడా ఒక పక్క నల్లగ ఉండె. ఇంకో ఇంటికి సాయంత్రం పోవాలె.